"కలయో! వైష్ణవ మాయయో!": ఒక పద్యం, ఎన్ని సందేహాలు?

ఛందోబద్ధుడు:

పోతన భాగవతం, దశమ స్కంధం, మన్ను తిన్న ఘట్టం. కృష్ణుడు నోరు తెరిచాడు, యశోదకు అందులో బ్రహ్మాండం కనబడింది. అప్పటి మత్తేభం ఇది:

కలయో! వైష్ణవ మాయయో! యితర సంకల్పార్థమో! సత్యమో!
తలపన్ నేరక యున్నదాననొ! యశోదాదేవి గానో! పర
స్థలమో! బాలకుఁడెంత? యీతని ముఖస్థంబై యజాండంబు ప్ర
జ్వలమై యుండుట కేమి హేతువొ! మహాశ్చర్యంబు చింతింపఁగన్.

సైన్స్ ఫిక్షన్‌లో "ఈ లోకం నిజమేనా" అన్న ఇతివృత్తం ఎక్కడ తగిలినా మనవాళ్లు "ఇదంతా మన మాయావాదమే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ పద్యంలో మాయ అన్నది ఏడు సందేహాల్లో ఒకటి మాత్రమే. మిగిలిన ఆరింటి సంగతేమిటి? ఆ కథలను వీటిలో ఎక్కడెక్కడ కూర్చోబెట్టవచ్చు?

అర్ధానుస్వారం:

ముందు మూలం చూద్దాం. వ్యాసభాగవతం 10.8.40 లో వికల్పాలు నాలుగే: "కిం స్వప్న ఏతదుత దేవమాయా, కిం వా మదీయో బత బుద్ధిమోహః, అథో అముష్యైవ మమార్భకస్య యః కశ్చనౌత్పత్తిక ఆత్మయోగః." కలా, దేవమాయా, నా బుద్ధి తప్పిందా, లేక ఈ బిడ్డకు పుట్టుకతో వచ్చిన యోగశక్తా అని.

పోతన మొదటి రెండూ ఉంచాడు. బుద్ధిమోహాన్ని "తలపన్ నేరక యున్నదాననొ" అన్నాడు. నాలుగోదాన్ని "బాలకుఁడెంత?" అని కొట్టిపారేసే ప్రశ్నగా మార్చాడు. ఇతర సంకల్పార్థం, యశోదాదేవి గానో, పరస్థలమో, ఈ మూడూ ఆయన సొంతం. సత్యమో అన్నదీ మూలంలో విడిగా లేదు. అంటే నేను నేనేనా, ఇది నా చోటేనా అన్న సందేహాలు తెలుగులోనే చేరాయి.

చిన్న వ్యాకరణ విషయం. "గానో" అంటే "కానో", గసడదవాదేశం (సంధిలో క, గ గా మారడం). సందేహార్థకమైన ఓకారం అన్నిచోట్లా దీర్ఘమే, "యున్నదాననొ", "హేతువొ" దగ్గర మాత్రం హ్రస్వం. అక్కడ నగణం (మూడు లఘువుల గణం) పడాలి, లఘువు కావాలి, అంతకుమించి అర్థభేదమేమీ లేదు. సత్యానికి కూడా అదే ఓకారం తగిలించడం గమనించండి. నిజానికి ప్రత్యేక పీట వేయలేదు.

యంత్రలోకం:

వర్గీకరణకు నా కొలమానం ఒకటే: ఆ సందేహాన్ని తీర్చడానికి పాత్ర ఏ పరీక్ష చేయగలదు? పరీక్ష వేరైతే కథ వేరు. "అంతా మాయే" అని కలిపేస్తే పోయేది ఈ తేడాయే.

స్తానిస్లావ్ లెమ్ 1961 లో రాసిన సొలారిస్‌లో ఇది కళ్లకు కట్టినట్టుంటుంది. కథానాయకుడు కెల్విన్ సొలారిస్ గ్రహం దగ్గరి అంతరిక్ష కేంద్రానికి చేరతాడు, అక్కడ ఉండకూడని మనుషులు కనబడతారు. తనకు పిచ్చెక్కిందా అని అనుమానం. గిల్లుకుంటే లాభం లేదు, కలలోనూ గిల్లుకోవచ్చు. ఇంకొకర్ని అడిగినా లాభం లేదు, ఆ ఇంకొకరూ భ్రమే కావచ్చు. అందుకని గ్రహం చుట్టూ తిరుగుతున్న ఉపగ్రహాన్ని దాని స్థానాల అంకెలు అడుగుతాడు. వచ్చిన జవాబు చూడకుండా సొరుగులో పెట్టేస్తాడు. ఆ తర్వాత అవే అంకెలను కేంద్రంలోని కంప్యూటర్‌తో విడిగా లెక్క కట్టి, అప్పుడు రెండూ పక్కపక్కన పెడతాడు. నాలుగో దశాంశం దాకా సరిపోతాయి.

ఇందులో వరుస ముఖ్యం. ముందే జవాబు చూసి ఉంటే, ఆ తర్వాతి లెక్కను అతని బుర్రే దానికి తగ్గట్టు అల్లిందేమో అన్న అనుమానం మిగిలిపోయేది. చూడకపోవడంలోనే ఉంది కిటుకంతా. అంత లెక్క సొంత మెదడు కట్టలేదు కాబట్టి, అంకెలు కలిశాయంటే మెదడుకు బయట ఏదో ఉన్నట్టే.

ఇప్పుడు పద్యానికి వద్దాం. ఈ పరీక్షతో "కలయో", "తలపన్ నేరక" రెండూ పోతాయి. "వైష్ణవ మాయయో" మాత్రం పోదు. మాయ పన్నేవాడి చేతిలో ఉపగ్రహమూ ఉంటుంది, కంప్యూటరూ ఉంటుంది, సొరుగులోని కాగితమూ ఉంటుంది. ఫ్రెంచ్ తత్వవేత్త దెకార్త్ 1641 లో ఊహించిన మోసకారి పిశాచం సరిగ్గా ఇలాంటిదే, ఏ పనిముట్టుతోనూ దొరకదు.

అర్ధానుస్వారం:

అయితే సిమ్యులేషన్ కథలన్నీ, అంటే లోకమే కంప్యూటర్‌లో నడుస్తోందనే కథలన్నీ, వైష్ణవ మాయ కిందికి వస్తాయంటారా?

యంత్రలోకం:

రావండీ. నా లెక్కలో అవి "ఇతర సంకల్పార్థం" కిందివి. డేనియల్ గలూయె 1964 నవల సిమ్యులాక్రాన్-3 చూడండి. కంప్యూటర్‌లో ఒక నగరం, అందులో తాము నిజమనుకునే మనుషులు. ఎందుకు కట్టారంటే ప్రజాభిప్రాయ సేకరణ కోసం, సర్వేల వాళ్లు ఇల్లిల్లూ తిరిగే పని తప్పుతుందని! వాళ్లను మోసం చేయాలన్న కోరిక ఎవరికీ లేదు. వాళ్ల లోకం ఇంకెవరి అవసరానికో పుట్టింది, అంతే. మాయలో మోసపోయేవాడే గురి. ఇక్కడ లోపలివాళ్లు ఎవరి గురీ కారు, పనిలో పనిగా పుట్టినవాళ్లు.

తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ 2003 వ్యాసమూ ఇక్కడికే. దాన్ని "మనం సిమ్యులేషన్‌లో ఉన్నామని నిరూపించాడు" అని చెబుతుంటారు, తప్పు. ఆయన చెప్పింది మూడింట కనీసం ఒకటి నిజం కావాలని: అలాంటి లోకాలను నడపగల సాంకేతికత చేతికి రాకముందే నాగరికతలు దాదాపు అన్నీ అంతరించిపోవాలి, లేదా వచ్చినా తమ పూర్వీకుల లోకాలను నడిపే ఆసక్తి దాదాపు ఎవరికీ ఉండకూడదు, లేదా మనం దాదాపు కచ్చితంగా అలాంటి లోకంలోనే ఉండాలి. మూడింట్లో ఏది నిజమో ఆ వాదన తేల్చదు.

ఛందోబద్ధుడు:

"ఇతర సంకల్పార్థం" అంటే "ఇతరుల సంకల్పం వల్ల ఏర్పడిన వస్తువు" అనే తీసుకోవాలా? "కలా మాయా కాక ఇతరమైన మరో కల్పన" అని కూడా చెప్పుకోవచ్చు కదా.

అర్ధానుస్వారం:

వ్యాకరణం రెండింటికీ ఒప్పుకుంటుంది. ఇతరుల సంకల్పం అంటే షష్ఠీ తత్పురుషం, ఇతరమైన సంకల్పం అంటే కర్మధారయం. నేను మొదటిదానివైపే. వెంటనే "తలపన్ నేరక" అని తన బుద్ధి మాట విడిగా ఎత్తింది కాబట్టి, ఇక్కడ పరుల బుద్ధి అంటేనే పద్యం నిండుగా ఉంటుంది.

అధ్యాసం:

వేదాంతం వైపు నుంచి ఒక అడ్డుపుల్ల. జాగ్రత్ లోకం కలలాంటిదే అని శంకరులు అన్నారని చాలామంది రాస్తుంటారు. బ్రహ్మసూత్రం 2.2.29 "వైధర్మ్యాచ్చ న స్వప్నాదివత్" మీద ఆయన భాష్యం చూడండి, సరిగ్గా దీన్నే కాదంటారు. కలలో చూసింది మెలకువతో బాధితమవుతుంది, అంటే అబద్ధమని తేలిపోతుంది, మెలకువలో చూసింది అలా కాదు. కల స్మృతి (జ్ఞాపకం), మెలకువ ఉపలబ్ధి (నేరుగా తెలుసుకోవడం). ఆ సూత్రం విజ్ఞానవాద బౌద్ధులకు, అంటే బయటి వస్తువులు లేవు, ఉన్నది చిత్తమే అనేవాళ్లకు జవాబు.

ఇంకొకటి. సిమ్యులాక్రాన్-3 లో కథానాయకుడికి తన లోకం కూడా ఇంకో పై లోకంలోని యంత్రంలో నడుస్తోందని తెలుస్తుంది. ఆ పై లోకంలో ఏముంది? మళ్లీ శరీరాలు, గదులు, యంత్రాలు. అద్వైతం మాటల్లో అది ఒక వ్యావహారికం (రోజువారీ వ్యవహారంలో నిజమనిపించేది) నుంచి ఇంకో వ్యావహారికానికి పోవడమే, కలలోంచి ఇంకో కలలోకి లేచినట్టు. పారమార్థికం (పరమసత్యం) అంటే చేరుకునే చోటు కాదు, తలుపు తీసుకుని బయటపడే మేడా కాదు. మనుషులు తమకు తెలియకుండానే యంత్రాలు అల్లిన లోకంలో బతికే 1999 నాటి మేట్రిక్స్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ సినిమాను అద్వైతమనడం కన్నా గోడ మీది నీడలే లోకమనుకుని, గుహలోంచి బయటికొచ్చిన ప్లేటో ఖైదీ కథ అనడం న్యాయం.

యంత్రలోకం:

ఒప్పుకుంటాను. ఉపనిషత్తుకు దగ్గరగా, కానీ తిరగేసి కనిపించేది ఫిలిప్ కె. డిక్ 1959 నవల టైమ్ ఔట్ ఆఫ్ జాయింట్‌లో ఉంది. కథానాయకుడి కళ్ల ముందే శీతల పానీయాల బడ్డీ మాయమైపోతుంది. దాని చోట ఒక కాగితం ముక్క మిగులుతుంది, దాని మీద "సాఫ్ట్ డ్రింక్ స్టాండ్" అని అచ్చు. అది 1959 నాటి మామూలు ఊరని అతని నమ్మకం. నిజానికి ఏడాది 1998, ఊరు అతని కోసం కట్టిన బూటకం. "పరస్థలమో" అంటే ఇదే. దీనికి పరీక్ష కూడా తేలికే: ఊరి పొలిమేర దాటి చూడటం. అందుకే ఇలాంటి కథల్లో మనిషిని ఊరు దాటనివ్వరు.

అధ్యాసం:

ఛాందోగ్యం "వాచారంభణం వికారో నామధేయం, మృత్తికేత్యేవ సత్యం" అంటుంది. కుండ అన్నది పేరు మాత్రమే, మన్నే నిజం. డిక్ దగ్గర మన్ను పోయి పేరు మిగిలింది! (ఇదంతా మన్ను తిన్న పిల్లవాడి పద్యం కింద మాట్లాడుకుంటున్నాం, అదో తమాషా.)

ఛందోబద్ధుడు:

"యశోదాదేవి గానో" మిగిలింది.

యంత్రలోకం:

అన్నిటికన్నా కష్టమైనది అదే. మిగతా సందేహాల్లో పరీక్ష చేసే మనిషి గట్టిగా నిలబడి ఉంటాడు, ఇక్కడ ఆ మనిషే సందేహం. 1982 నాటి సినిమా బ్లేడ్ రన్నర్‌లో రేచల్ తయారుచేసిన కృత్రిమ మనిషి; ఆమెకు బాల్యం గుర్తుంది, ఆ జ్ఞాపకాలు వేరొకరివి. జ్ఞాపకమే దొంగదైనప్పుడు దాన్ని సాక్ష్యంగా పిలవకూడదు, అందుకే అక్కడి పరీక్ష కంటిపాప కదలికను కొలుస్తుంది. మామూలుగా 20, 30 ప్రశ్నలతో తేలిపోయేది, ఆమెకు వంద దాటాయి. తాను మనిషినేనని నమ్ముతోంది కాబట్టి అంత ఆలస్యం. అబద్ధమాడేవాణ్ని పట్టుకోవడం సులువు, నమ్మేవాణ్ని పట్టుకోవడం కష్టం. ఇంకో చిక్కు: ఈ పరీక్ష చేయడానికి బయటివాడు కావాలి. యశోదకు ఆ బయటివాడు లేడు, ఎదుట ఉన్నది నోరు తెరిచిన బిడ్డే.

అధ్యాసం:

పద్యం తర్వాతి కథ కూడా చూడాలి, చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. యశోద తేల్చుకుంది. "బాలు భంగి నితఁడు భాసిల్లు గాని సర్వాత్ముఁ డాది విష్ణుఁ డగుట నిజము" అనుకుంది. అంటే తాను వేసుకున్న వికల్పాల్లోంచి సత్యాన్నే ఏరుకుంది. వైష్ణవ మాయ వచ్చేది ఆ తర్వాత. మూలంలో 10.8.43: "వైష్ణవీం వ్యతనోన్మాయాం పుత్రస్నేహమయీం విభుః." పుత్రస్నేహమే రూపంగా ఉన్న వైష్ణవ మాయను ప్రభువు ఆమెపై పరిచాడని. కనబడ్డ బ్రహ్మాండం మాయ కాదు. అది మరచిపోయి పిల్లవాణ్ని ఒడిలోకి తీసుకోవడం మాయ.

యంత్రలోకం:

అయితే నా వర్గీకరణలో మాయ గడి మార్చాలి: అది మోసపోవడం కాదు, తెలిసింది మరచిపోవడం. మేట్రిక్స్‌లో సైఫర్ నిజం తెలిసినవాడే, అయినా తిరిగి లోపలికి పంపమని, ఏదీ గుర్తుండకూడదని బేరమాడతాడు. తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974 లో ఊహించిన అనుభవ యంత్రం కూడా అడిగేది అదే: కోరిన అనుభవమల్లా ఇస్తుంది, లోపల ఉన్నంతసేపూ యంత్రంలో ఉన్నామని తెలియదు, ఎక్కుతారా? ఎక్కకపోవడమే సబబని నోజిక్ వాదన. యశోదను ఎవరూ అడగలేదు.

అధ్యాసం:

అడిగినా ఆమె ఎక్కేదేమో. అక్కడ మాయకు స్నేహమనే పేరు పెట్టారు చూడండి, తిట్టుగా కాదు.