ఉచితంగా ఇచ్చే ఊలు దుప్పటి పాటర్న్‌కి "అల్లింది అమ్మకూడదు" అని షరతు పెట్టడం సబబేనా?

చుక్కలముగ్గు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పసిపిల్లల కోసం ఒక ఊలు దుప్పటి డిజైన్ చేశాను. చుక్కల ముగ్గులో వచ్చే వజ్రం గళ్ళను రెండు సూదుల అల్లికలోకి తెచ్చాను. నేలంతా సీదా (ముందువైపు నున్నగా కనిపించే కుట్టు), గీతలు మాత్రం ఉల్టా (ముందువైపు బొడిపెలా కనిపించే కుట్టు). ఒకటే రంగు కాబట్టి వెనకవైపు దారాలు వేలాడవు, పాప వేళ్ళకి చిక్కుకోవు.

సూదులు 4 మిల్లీమీటర్లవి, మన దుకాణాల్లో 8 నంబరు అని అడిగితే ఇస్తారు. మధ్యరకం మందం ఊలు సుమారు 500 గ్రాములు పడుతుంది. 10 సెంటీమీటర్లకి 20 కుట్లు, 28 వరుసలు రావాలి. 24 కుట్ల గడి 6 సార్లు, రెండు కొసలూ సరిపోవడానికి ఒక కుట్టు, అంచులకి చెరో 6, మొత్తం 157 కుట్లు ఎక్కించాలి. వెడల్పు 78 సెంటీమీటర్ల దాకా, పొడవు మీటరు వస్తుంది.

కష్టమంతా చార్టు (ఏ గడిలో ఏ కుట్టో చూపే గళ్ళ బొమ్మ) దగ్గరే. గళ్ళ కాగితం మీద ముగ్గు చక్కగా కుదురుతుంది. దాన్నే అల్లితే పైనుంచి నొక్కినట్టు పొట్టిగా వస్తుంది. కుట్టుకి ఎత్తు కంటే వెడల్పు ఎక్కువ కావడమే కారణం. 5 కుట్ల వెడల్పు, 7 వరుసల ఎత్తు సమానం. కాబట్టి 24 కుట్ల వజ్రానికి 24 వరుసలు చాలవు, 34 కావాలి. ఆ పది వరుసల్నీ గీత వంకరపోకుండా ఎక్కడెక్కడ చొప్పించాలో తేల్చడమే నేను చేసిన అసలు పని.

ఈ పాటర్న్‌ని, అంటే ఎలా అల్లాలో చెప్పే సూచనల్ని, తెలుగులోనే, రాతగా ఒకటి, చార్టుగా ఒకటి, ఉచితంగా ఇవ్వాలని ఉంది. తెలుగులో ఇలాంటివి దొరకడం అరుదు, ఇంగ్లీషు గుర్తులు చూసి వెనక్కి తగ్గేవాళ్ళు ఎందరో. నేను అడిగేది ఒక్కటే. ఇంట్లోకీ, చుట్టాలకీ, అనాథాశ్రమాలకీ ఎన్నైనా అల్లుకోండి, అమ్మొద్దు. నేను పైసా తీసుకోకుండా ఇచ్చినదాని మీద ఇంకొకరు సంపాదించడం న్యాయం కాదని నా ఉద్దేశం. మీరేమంటారు?

ఊలుబంతి

షరతు పెట్టండి, మొహమాటపడకండి. నేను గీసిన ఒక టోపీ చార్టుని ఒక ఆన్‌లైన్ దుకాణం వాళ్ళు తీసుకుని, నా పేరు చెరిపేసి, వాళ్ళ ముద్ర వేసి డబ్బుకి అమ్మారు. ఫిర్యాదు చేస్తే తీసేశారు గానీ అప్పటికే అది నలుగురి చేతుల్లో పడి తిరుగుతోంది. ముందే ఒక వాక్యం రాసి ఉంటే చూపించడానికి ఆధారం ఉంటుంది.

నర్సాపురం_కోడలు

అక్కా, ముందు మీ డిజైన్‌కి నా అభినందనలు. ఆ 5కి 7 లెక్క చాలామంది వదిలేస్తారు, మీరు పట్టుకున్నారు. కానీ షరతుతో నేను ఏకీభవించలేను.

మా అత్తగారి ఊరు నర్సాపురం పక్కన. లేసు అల్లిక అక్కడ ఇంటింటి పని. 1840ల్లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మెక్రే దంపతులు నేర్పారని చెబుతారు. అప్పటినుంచి ఇప్పటిదాకా డిజైన్ ఒకరిది, చేతులు ఇంకొకరివి, లాభం మూడోవారిది. దారం, నమూనా ఏజెంటు తెచ్చి ఇస్తాడు, పీసుకి ఇంత అని చేతిలో పెడతాడు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ అక్కడి ఆడవాళ్ళ మధ్య అధ్యయనం చేసి 1982లో ప్రచురించారు. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు తయారుచేస్తున్నా వాళ్ళను పనివాళ్ళుగా కాక ఖాళీ సమయంలో ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టారనీ, కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ లెక్కే వీలిచ్చిందనీ ఆవిడ చూపించారు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. పేరుకి రక్షణ దొరికింది. అల్లే మనిషికి తనదంటూ ఒక నమూనా ఉండాలంటే ఆ గుర్తింపు ఒక్కటే చాలదు.

అలాంటి మనిషి ఏజెంటు లేకుండా, మీ పాటర్న్ చూసి, సొంత ఊలు కొనుక్కుని, రగ్గు అల్లి పక్కవీధిలో సీమంతానికి అమ్ముకుంటే మీకు పోయేదేమిటి? మీ షరతు ఆపేది సరిగ్గా ఆమెనే. షరతు చదివి పాటించేది ఆమె. ఊలుబంతి గారి చార్టు ఎత్తుకుపోయిన దుకాణంవాళ్ళు ఏ షరతూ చదవరు.

మిన్నెసోటా_చలి

పై మాటకి లెక్క కలుపుతాను. 157 కుట్లు, దాదాపు 280 వరుసలు. అంటే 44 వేల కుట్లు. చేయి తిరిగినవాళ్ళు నిమిషానికి 25 వేసినా 30 గంటల పని, చివర్లు దోపడం, తడిపి ఆరబెట్టడం కాకుండా. ఊలు ఖర్చు పోగా 1500 రూపాయలు మిగిలాయనుకోండి, గంటకి 50. దీని మీద ఎవరో సంపాదించేస్తారని భయపడనక్కర్లేదు.

చుక్కలముగ్గు

నర్సాపురం_కోడలు గారూ, మీరు చెప్పింది చదివి చాలాసేపు ఆలోచించాను. అయినా ఒక తేడా ఉంది. మీ లేసు క్రోషే. కొక్కెంతో ఒక్కో ముడీ చేత్తో వేయాల్సిందే, అసలైన క్రోషే మెషీన్ మీద రాదు. నాది రెండు సూదుల అల్లిక. ఇంగ్లండులో విలియం లీ మేజోళ్ళ మగ్గం కనిపెట్టింది 1589లో. అప్పటినుంచీ ఈ అల్లికను యంత్రం చేస్తూనే ఉంది. సీదా ఉల్టాలతో వచ్చే నా గడిని కంప్యూటర్ మెషీన్‌లోకి ఎక్కించడం ఎంతసేపు? లుధియానాలాంటి చోట ఒక యూనిట్ తలచుకుంటే వేల రగ్గులు దించుతుంది. అప్పుడు 30 గంటలు కూర్చుని అల్లిన మీ పక్కవీధి మనిషి రగ్గుని ఎవరు కొంటారు? షరతు ఆమెకీ రక్షణే కదా?

నల్లకోటు_హైదరాబాద్

నేను న్యాయవాదిని, ఇంట్లో మా ఆవిడ అల్లుతుంది. ఇది సలహా కాదు, సాధారణ సమాచారం. ఇక్కడ మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయాయి.

మీరు రాసిన సూచనలు, గీసిన చార్టు, తీసిన ఫోటోలు మీవి. 1957 కాపీరైట్ చట్టం కింద నమోదు చేయించుకోకపోయినా హక్కు పుట్టుకతోనే వస్తుంది, మీ జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. ఊలుబంతి గారి విషయంలో జరిగింది ఈ హక్కుకి నేరుగా తగిలిన దెబ్బ. దానికి "అమ్మకూడదు" అనే షరతు అవసరమే లేదు, చట్టమే చాలు.

కానీ పద్ధతికి కాపీరైట్ లేదు. ఆలోచనకి కాదు, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే రక్షణ అని మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. అమెరికాలో ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ 1879 నాటి బేకర్, సెల్డెన్ కేసు. ఖాతాలు రాసే పద్ధతిని వివరించిన పుస్తకానికి రక్షణ ఉంది గానీ, ఆ పద్ధతిలో ఖాతాలు రాసుకోవడాన్ని ఆపలేరు అన్నారు. పాటర్న్ చదివి ఒకామె అల్లిన రగ్గు ఆమె సొత్తు. దాన్ని అమ్మకుండా ఆపే గట్టి ఆధారం మీ షరతులో నాకు కనిపించడం లేదు. చార్టు ఒక చిత్రం, రగ్గు దాని నకలు అని వాదించేవాళ్ళు ఉండొచ్చు, కానీ ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో కేసును బట్టి ఉంటుంది.

మూడోది మీ ఫ్యాక్టరీ భయం. దానికి సరైన దారి 2000 నాటి డిజైన్ల చట్టం. నమోదు చేయిస్తే 10 ఏళ్ళు, పొడిగిస్తే ఇంకో 5. అయితే దరఖాస్తు పెట్టకముందే బయటపెడితే అది కొత్త డిజైన్ కిందికి రాదు. అంటే ఈ నిర్ణయం పాటర్న్ పెట్టకముందే తీసుకోవాలి. ఇంకో మెలిక కూడా ఉంది. నమోదుకి వీలున్న డిజైన్‌ని నమోదు చేయకుండా, మీరుగానీ మీ అనుమతితో ఇంకొకరుగానీ పారిశ్రామిక పద్ధతిలో 50 సార్లకు మించి వస్తువుల మీద వేస్తే, ఆ డిజైన్ మీద కాపీరైటూ పోతుంది. రేపు ఏదైనా కంపెనీ మర్యాదగా వచ్చి అడిగినా సంతకం పెట్టేముందు ఇది గుర్తుపెట్టుకోండి.

ఊలుబంతి

చట్టం ఆపలేదు కాబట్టి అడగనే కూడదంటే ఎలాగండీ? అడగడం మర్యాద. పాటించేవాళ్ళు పాటిస్తారు.

నర్సాపురం_కోడలు

ఊలుబంతి గారూ, అదే నేననేది కూడా. మర్యాదస్తులు మాత్రమే పాటించే నియమం మర్యాదస్తులకే నష్టం. ఆవకాయ పాళ్ళు అందరికీ చెప్పి, మీరు పెట్టిన జాడీ మాత్రం అమ్ముకోకండి అనడం లాంటిది ఇది.

గొబ్బెమ్మ

ఇంకో మాట అడగాలి, ఎవరూ అనుకోకపోతే. ముగ్గు ఎవరిది? మా అమ్మ దగ్గర ఒక ముగ్గుల పుస్తకం ఉంది. అందులో సగం పక్కింటివాళ్ళ దగ్గర చూసి ఎక్కించుకున్నవి, వాళ్ళు ఇంకెక్కడో చూసి ఎక్కించుకున్నవి. ఎవరూ ఎవరికీ షరతు పెట్టలేదు. అందరి సొత్తులోంచి తీసుకుని, మన వాటాకి కంచె వేయడం నాకు రుచించడం లేదు.

చుక్కలముగ్గు

గొబ్బెమ్మ గారూ, ముగ్గు నాదని నేనెక్కడా అనలేదు, అనను. ఆ మాటకొస్తే అల్లికలోనూ అంతే. ఫెదర్ అండ్ ఫ్యాన్ అనే జాలీ అలలు చూడండి. 18 కుట్ల గడి. రెండేసి కుట్లు కలిపి మూడుసార్లు, దారం ముందుకు తెచ్చి ఒక సీదా ఆరుసార్లు, మళ్ళీ రెండేసి కలిపి మూడుసార్లు. కలిపినచోట తగ్గిన ఆరు కుట్లూ, దారం తెచ్చినచోట పెరిగిన ఆరుకి సరిపోయి 18 అలాగే ఉంటాయి. ఎన్ని వేల దుప్పట్లలో ఉందో అది, ఎవరిదీ కాదు. నేను నాదని చెప్పుకునేది నా చార్టు, నా లెక్క, నా వాక్యాలు. తెలుగులో ఒక్కో సూచనా పాతికేళ్ళ అమ్మాయికీ డెబ్భై ఏళ్ళ మామ్మకీ ఒకేలా అర్థమయ్యేలా రాయడం కూడా పనే. దాన్ని పని కాదంటే మాత్రం నొచ్చుకుంటాను.

గొబ్బెమ్మ

పని కాదని ఎవరంటారండీ. అందుకే మీరు వంద రూపాయలు పెట్టి అమ్మినా నాకు అభ్యంతరం లేదు, కొంటాను. అల్లికలవాళ్ళ వెబ్‌సైట్ రావెల్రీ 2007లో మొదలైనప్పటినుంచీ చూస్తున్నాం, ఉచితం పక్కనే డబ్బుకి అమ్మే పాటర్న్‌లు ఉంటాయి, ఎవరూ తప్పుపట్టరు. కాగితానికి ధర పెట్టండి, చేతికి కాదు.

మిన్నెసోటా_చలి

డబ్బుకి అమ్మితే ఇంకో బాధ్యత వస్తుంది. 19వ వరుసలో కుట్లు సరిపోవట్లేదని రాత్రి పదకొండింటికి మెసేజ్ వస్తుంది, జవాబు చెప్పాలి. ఉచితమైతే "వీలున్నప్పుడు చూస్తాను" అనొచ్చు. ఏదైనా సరే, పెట్టేముందు కొత్తవాళ్ళొకరితో, అనుభవమున్నవాళ్ళొకరితో అల్లించి చూడండి. బిగుతుగా అల్లేవాళ్ళకి 28 వరుసలు 31 అవుతాయి, వజ్రం మళ్ళీ పొట్టిదవుతుంది.

పిల్లల_వార్డు_నర్సు

చర్చకి కొంచెం పక్కదారే, అయినా చెప్పకుండా ఉండలేను. ఏడాదిలోపు పాప నిద్రపోయేచోట వదులు దుప్పటి ఉండకూడదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ముఖం మీదికి వస్తే ఊపిరి ఆడదు. ఒళ్ళో పెట్టుకున్నప్పుడు, మెలకువగా ఉన్నప్పుడు, నేల మీద పరచడానికి వాడమని మొదటి పేజీలోనే రాయండి. షరతు పెట్టాలనుకుంటే నాకు ఇదే మొదటి షరతు.

చుక్కలముగ్గు

నర్సు గారూ, తప్పకుండా. మొదటి పేజీ, పెద్ద అక్షరాల్లో.

మిగతాదానికి నా నిర్ణయం ఇది. డిజైన్ నమోదు జోలికి వెళ్ళను. ఖర్చూ తిప్పలూ పెట్టి ఒక ముగ్గు గడికి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం నాకే ఇబ్బందిగా అనిపిస్తోంది. పాటర్న్ ఉచితమే. షరతు ఇలా మార్చాను:

"ఈ రాత, చార్టు, ఫోటోలు నావి. వీటిని ఇంకోచోట పెట్టవద్దు, అమ్మవద్దు, నా పేరు తీసేయవద్దు. చేత్తో అల్లిన దుప్పటి అల్లినవారిది. ఉంచుకోవచ్చు, ఇవ్వవచ్చు, అమ్మవచ్చు. మెషీన్ మీద తయారుచేయాలనుకునేవారు ముందు నన్ను అడగాలని కోరుతున్నాను."

చివరి వాక్యానికి చట్టం బలం పెద్దగా లేదని నల్లకోటు గారు చెప్పారు కాబట్టే "కోరుతున్నాను" అని రాశాను.

నర్సాపురం_కోడలు

అక్కా, ఇది బాగుంది. ఒక్కటి కలపండి, అమ్మేవాళ్ళు పాటర్న్ ఎవరిదో చీటీ మీద రాస్తే సంతోషిస్తానని. మా ఊళ్ళో ఇద్దరు ముగ్గురికి ఇస్తాను, వాళ్ళతోనే అల్లించి చూడండి. క్రోషే చేతులు కదా, మొదట్లో బిగుతుగా వస్తుంది. మిన్నెసోటా గారు చెప్పిన 31 వరుసల సంగతి అక్కడే తేలిపోతుంది.

ఊలుబంతి

మీ ఇష్టం, మీ పాటర్న్. నేను మాత్రం నా పాత షరతు మార్చను. నా టోపీలు చేత్తో అల్లినవైనా సరే, అమ్మాలంటే నన్ను అడగాల్సిందే. అడిగినవాళ్ళలో ఎవరికీ ఇప్పటిదాకా కాదనలేదు. అడగడమే నాకు కావలసింది.

నల్లకోటు_హైదరాబాద్

చార్టు మొదటి డ్రాఫ్టులు, తేదీలున్న ఫైళ్ళు పారేయకండి. రేపు ఎవరైనా అది తమదంటే అవే పనికొస్తాయి.