అక్టోబర్ 17 బతుకమ్మ: ఈరీ ఒడ్డున జలకన్య బుర్రకథ, పనుల పంపకం

కార్యదర్శి:
అందరికీ నమస్తే. మన టొలీడో దగ్గర, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న మామీ బే స్టేట్ పార్కులో షెల్టర్ దొరికింది. శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి చీకటి పడేదాకా మనదే. ఈసారి బతుకమ్మతో పాటు సరస్సు గురించి కూడా ఏదైనా చేద్దామని పోయిన మీటింగులో అనుకున్నాం. పిల్లలు జలకన్య కావాలన్నారు, పెద్దలు సందేశం కావాలన్నారు. సందేశం అనగానే పిల్లలు ఫోన్లు తీస్తారు కాబట్టి ముందు కథ వెతికాను. దొరికింది.

1782 మే 3. సుపీరియర్ సరస్సులో పాటే దీవి, ఇప్పటి కెనడాలోని థండర్ బేకి ఎదురుగా ఉంటుంది. వెనాన్ సాన్ జెర్మేన్ అనే తోళ్ల వ్యాపారి ఆ రాత్రికి అక్కడ ఆగాడు. వెంట ముగ్గురు పనివాళ్లు, ఆ సరస్సుల మూలవాసులైన ఒజిబ్వే తెగ ముసలమ్మ ఒకామె. పొద్దు వాలాక వల వేసి వస్తుంటే నీళ్లలోంచి ఒక ఆకారం నడుము దాకా లేచింది. ఏడెనిమిదేళ్ల పిల్లంత ఉంది. ఒక చెయ్యి పైకెత్తి వీళ్లనే చూస్తోంది. ఇతను తుపాకీ ఎత్తాడు. ముసలమ్మ మీదపడి ఆపేసింది. అది నీళ్లకూ సరస్సులకూ దేవుడు, ఇక మనకు తుఫాను తప్పదని తిట్టి, తను గట్టెక్కి పైన కూర్చుంది. ఆ రాత్రే గాలివాన మొదలై మూడు రోజులు వదల్లేదు. ముప్పై ఏళ్ల తర్వాత, 1812లో, ఈ మనిషి మాంట్రియల్‌లో ఇద్దరు జడ్జీల ముందు ప్రమాణం చేసి ఇదంతా రాయించాడు.

అతను చూసింది జలకన్యో, నీటిపిల్లో, చెట్టు మొద్దో నాకనవసరం. నాకు నచ్చింది ముసలమ్మ. సుపీరియర్ నీళ్లు హ్యూరన్ మీదుగా, డెట్రాయిట్ నది మీదుగా చివరికి మన ఈరీలోకే వస్తాయి కాబట్టి ఇది మన సరస్సు కథ కూడా. పన్నెండు నిమిషాలు, పిల్లలతో. ఎవరేమంటారు?

అనంతపురం వదిన:
ముసలమ్మ అని చదవగానే ఉలిక్కిపడ్డా. మా పక్కనే బుక్కరాయసముద్రం. చెరువుకు గండి పడితే చిన్నకోడలు ముసలమ్మను బలి ఇస్తేనే కట్ట నిలుస్తుందని దేవత అడిగిందంటారు. ఆమె తనంతట తనే గండిలో నిలబడింది. కట్టమంచి రామలింగారెడ్డి గారి కావ్యం ఆ కథే. మా ముసలమ్మ పేరుకే ముసలమ్మ, నిజానికి పడుచుపిల్ల! జలకన్య కోసం కెనడా దాకా ఎందుకు, మన కథే వేయొచ్చుగా?

కార్యదర్శి:
వదినా, నేనూ రెండు రోజులు దాని చుట్టూనే తిరిగాను. కానీ ఎనిమిదేళ్ల పిల్లల చేత కోడల్ని చెరువుకిచ్చే కథ ఆడించడానికి మనసొప్పలేదు. అక్కడ చెరువు మనిషిని అడుగుతుంది, ఇక్కడ మనిషి చెరువు తరఫున అడ్డం పడుతుంది. ఈ ఊళ్లో మనకు రెండోదే కావాలి. మీ ముసలమ్మను మాత్రం వదలను. కథ మొదట్లో రెండు నిమిషాలు మీరే చెప్పండి: 'మా ఊళ్లో ఒక ముసలమ్మ ఉండేది, ఇక్కడా ఒక ముసలమ్మ ఉండేది' అని.

డోలక్ తమ్ముడు:
అక్కా, నాటకం వద్దు, బుర్రకథ చేద్దాం. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం వంత, ఇంకో పక్క రాజకీయం వంత. కథ 1782లో నడుస్తుంటే రాజకీయం వంత అడ్డం పడి 2014లో మన నీళ్లు చెడిన సంగతీ 2019 ఓటు సంగతీ అడగొచ్చు. బుర్రకథలో అది ఎప్పుడూ ఉన్నదే. సందేశం దానంతటదే వచ్చేస్తుంది, ఎవరూ ఫోన్ తీయరు.

కార్యదర్శి:
నీకు ఒక గ్లాసు బాదంపాలు ఎక్కువ. ఖాయం. 2014 ముక్క నేనే రాస్తాను, ఎందుకంటే అప్పుడు మా అమ్మ ఇక్కడే ఉంది.

ఆగస్టు 2, శనివారం. తెల్లవారుజామున ఫోన్ల మీద ఫోన్లు: టొలీడో నీళ్లు తాగొద్దు. అమ్మ అప్పటికే లేచి పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టింది. 'కాచి చల్లారిస్తే ఏమవుతుందే?' మన ఇళ్లలో ప్రతి రోగానికీ అదే మందు కదా. ఇది నాచు వదిలిన విషం, మైక్రోసిస్టిన్, కాచినకొద్దీ చిక్కబడుతుంది తప్ప పోదని చెప్తే నన్నే అనుమానంగా చూసింది. రాత్రి కుళాయి నీళ్లలో నానబోసిన మినప్పప్పును మాత్రం ఒక్క మాట కూడా అనకుండా తనే సింకులో పారబోసింది. మేం బాటిళ్ల కోసం మిషిగన్ దాకా పోయాం. సోమవారం దాకా నాలుగు లక్షల మందికి పైగా అదే పరిస్థితి. ఎదురుగా అంత సరస్సు, ఇంట్లో పప్పు నానబెట్టడానికి నీళ్లు లేవు.

ఇంజనీర్ అన్న:
తిట్టుకోకండి, ఒక మాట చెప్తా. ఆ రోజు పనుల లిస్టులో 'ఒడ్డున చెత్త ఏరడం' అని ఉంది. మంచిదే, కానీ చెత్త ఏరితే ఆకుపచ్చ నాచు పోదు. దానికి మేత ఫాస్ఫరస్. అందులో ఎక్కువ భాగం ఈరీలో కలిసే మామీ నది పొడవునా ఉన్న పొలాల ఎరువు, పశువుల పేడ నుంచి వస్తుంది. పైగా ఈరీ పడమటి భాగం లోతు తక్కువ, సగటున 24 అడుగులు. వేసవిలో ఇట్టే వేడెక్కుతుంది. మనం నాలుగు సీసాలు ఏరి సరస్సును కాపాడేశాం అని ఫొటోలు పెట్టుకోవడం నాకు నచ్చదు.

కార్యదర్శి:
నిజమే అన్నా. చెత్త ఏరుదాం కానీ దాని పేరు చెత్త ఏరడమే. కాపాడటం అనే మాట ఫ్లయర్‌లోంచి తీసేస్తున్నా. ఫాస్ఫరస్ సంగతి నువ్వే ఒక టేబుల్ వేసి చెప్పు. పెద్ద చార్టులు వద్దు. మన లాన్‌కి కొనే ఎరువు బస్తా మీద మూడు అంకెలుంటాయి, మధ్యది ఫాస్ఫరస్. అది సున్నా ఉన్నది కొనమని బస్తా చూపించి చెప్తే చాలు. పొలాల సంగతి రాజకీయం వంత చూసుకుంటాడు: 2019 ఫిబ్రవరిలో ఈరీ సరస్సుకే హక్కులిచ్చే ప్రతిపాదనకు టొలీడోలో ఓటేసినవాళ్లలో నూటికి 61 మంది సరే అన్నారు, ఒక పొలం వాళ్లు కేసు వేశారు, ఏడాది తిరిగేసరికి ఫెడరల్ కోర్టు కొట్టేసింది. ఎవరిది తప్పో మనం తేల్చం. జరిగింది చెప్తాం.

వరంగల్ అక్క (పూలు):
ఇంతకీ బతుకమ్మను ఏం చేస్తున్నరు? పోయినేడు ప్లాస్టిక్ టబ్బుల వేసినం, నాకు మూడు రోజులు మనసు మనసుల లేదు. చెరువు నిండితేనే కదా మనకు బతుకమ్మ. ఇంత నీళ్లు ముందల పెట్టుకొని టబ్బా?

కార్యదర్శి:
అక్కా, పూలు సరస్సులో వదలొద్దు, ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తబడను. కుళ్లిన పూలు కూడా నాచుకు మేతే. ఒక దారి చూశా. టబ్బులో కుళాయి నీళ్లు పోయకుండా, ఆడవాళ్లందరం బిందెలతో ఈరీ నీళ్లే తెచ్చి నింపుదాం. పాట అయ్యాక గౌరమ్మను అందులో ఓలలాడించి, పూలు వడకట్టి కంపోస్టుకు, నీళ్లు తెచ్చిన చోటే మళ్లీ సరస్సులోకి. ఈ నీళ్లు ఇంటి చెరువులోకో ఇంకో సరస్సులోకో మాత్రం తీసుకెళ్లొద్దు, ఎక్కడ పడితే అక్కడ పాకిపోయే జీబ్రా గుల్లల పిల్లలు కంటికి కనబడకుండా వెంట వచ్చేస్తాయి.

వరంగల్ అక్క:
బిందెలతోని అంటే ఒప్పుకుంటున్న. ఇత్తడి బిందెలు రెండు నా తాన ఉన్నయి. తంగేడు, గునుగు ఎట్లా దొరకవు. బంతి మా పెరట్ల మంచు పడకుంటే ఉంటది, మిగతాది షాపుల చామంతి కుండీలే.

అనంతపురం వదిన:
జలకన్య తోక ఆన్‌లైన్‌లో మెరుపులతో ముప్పై డాలర్లకు వస్తోంది. ఆర్డర్ పెట్టేదా?

కార్యదర్శి:
వద్దు వదినా. ఆ మెరుపులన్నీ ప్లాస్టిక్ పొట్టు, ఒడ్డున గాలికి రాలితే ఏరలేం. నా దగ్గర చిరుగుపట్టిన నెమలికంఠం రంగు పట్టుచీర ఉంది. జరీ అంచు అడ్డంగా కత్తిరించి వరసలుగా కుడితే పొలుసుల్లా ఉంటుంది. కుట్టుమిషన్ ఎవరిదో చెప్పండి. ఇంకో ముఖ్యమైన మాట: ఒజిబ్వే ముసలమ్మకు తలమీద ఈకలు, మొహానికి రంగులు పెట్టొద్దు. వాళ్లు ఇప్పుడూ ఇక్కడ బతుకుతున్న మనుషులు, వాళ్ల నమ్మకం మనకు వేషం కాదు. మామూలు దుప్పటి కప్పుకుంటే చాలు. తుపాకీ కూడా బొమ్మది కాదు, ఉత్త కర్ర. పార్కులో ఎందుకొచ్చిన టెన్షన్.

డోలక్ తమ్ముడు:
గుమ్మెటలు ఎవరి దగ్గరా లేవు. ఒక వంతకు నా డోలక్, ఇంకో వంతకు ఖాళీ ఐదు గ్యాలన్ల బకెట్. తంబురాకు మా అబ్బాయి గిటార్. పెద్దలు క్షమించాలి. రిహార్సల్ ఆదివారం నాలుగింటికి మా గరాజ్‌లో.

కొత్తగా చేరిన అమ్మ:
నమస్తే అండి. జలకన్య వేషానికి మా పాప పేరు ఇచ్చాను కదా. జలకన్యకు డైలాగులెన్ని అని అడుగుతోంది.

కార్యదర్శి:
ఒక్కటీ లేదమ్మా. నీళ్లలోంచి లేచి, చెయ్యి పైకెత్తి, అందరినీ చూస్తూ నిలబడాలి.

కొత్తగా చేరిన అమ్మ:
అయితే తనకు ముసలమ్మే కావాలట. తుపాకీ లాక్కునే సీన్ ఇప్పటికే వాళ్ల తమ్ముడి మీద ప్రాక్టీస్ చేస్తోంది.

కార్యదర్శి:
ముసలమ్మ ఖరారు. జలకన్య వేషం ఖాళీగా ఉంది. కదలకుండా రెండు నిమిషాలు నిలబడగలిగే పిల్లలుంటే చెప్పండి.