65 వేలల్లో మిర్రర్‌లెస్ కెమెరా: వ్యూఫైండర్ ఉన్నది కొనాలా, లేనిది కొని మంచి లెన్స్ వేసుకోవాలా?

కొర్లగుంట కుర్రోడు:
అందరికీ నమస్తే. మా పాపకి ఏడాదిన్నర. ఫోన్‌లో పగలు బాగానే వస్తున్నాయి కానీ రాత్రి ట్యూబ్‌లైట్ కింద అది పరిగెత్తేటప్పుడు తీస్తే మొహమంతా అలికేసినట్టు వస్తోంది. బడ్జెట్ 65 వేలు, దాటితే ఇంట్లో యుద్ధమే. కెనాన్ ఆర్50, సోనీ జెడ్‌వీ-ఈ10, నికాన్ జెడ్30 దగ్గర ఆగిపోయాను. రోజూ ఇల్లు, ఆదివారం చంద్రగిరి కోట, వానలు పడితే తలకోన, మే నెలలో మా తిరుపతి గంగమ్మ జాతర. వీడియో పెద్దగా తియ్యను. ఏది తీసుకోమంటారు?

స్టూడియో మామ (చిత్తూరు):
ఆర్50. ఇంకో మాట లేదు. నువ్వు చెప్పిన మిగతా రెండింటికీ కన్ను పెట్టి చూసే వ్యూఫైండరే లేదు తమ్ముడూ. జాతరలో మిట్టమధ్యాహ్నం బైరాగి వేషం కట్టినవాళ్ళు ఒళ్ళంతా తెల్లటి నామకొమ్ము పూసుకుని వస్తుంటారు, ఆ ఎండలో వెనక స్క్రీన్ మీద నీకు కనిపించేది నీ మొహమే. ఆ తెలుపు కాలిపోయిందో లేదో ఇంటికొచ్చాక తెలుస్తుంది. వ్యూఫైండర్‌లో కన్ను పెడితే ముందే కనిపిస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించుకుంటావు. పైగా బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములు. పాపని ఒక చేత్తో ఎత్తుకుని కూడా తీయొచ్చు.

సిగ్మా శిష్యుడు:
మామా, ఆయన అడిగింది రాత్రి ఇంట్లో పాప ఫోటో. మీరు ఏడాదికొకసారి వచ్చే జాతర గురించి చెప్తున్నారు. ఆర్50తో వచ్చే 18-45 కిట్ లెన్స్ వెడల్పు వైపే ఎఫ్4.5, జూమ్ చేస్తే 6.3. ఈ ఎఫ్ నంబరు ఎంత పెద్దదైతే లోపలికి వెలుతురు అంత తక్కువ. పిల్ల పరిగెత్తుతుంటే షట్టర్ కనీసం సెకనులో 1/125 వంతు ఉండాలి, ఎఫ్5.6 దగ్గర దానికి ఐఎస్ఓ (పెంచేకొద్దీ ఫోటోలో చుక్కలు లేస్తాయి) 6400 పట్టిందనుకోండి, అదే వెలుతురులో ఎఫ్1.4 లెన్స్‌కి 400 చాలు. పదహారు రెట్ల తేడా. అన్నా, జెడ్‌వీ-ఈ10 సెకండ్ హ్యాండ్ బాడీ (లెన్స్ లేకుండా కెమెరా ఒక్కటే) చూసుకుని, మిగిలిన డబ్బుతో సిగ్మా కంపెనీ 30 ఎంఎం ఎఫ్1.4 లెన్స్ వేసుకో. వ్యూఫైండర్ లేకపోతే కొంపలేమీ మునగవు. స్క్రీన్ బ్రైట్‌నెస్‌లో సన్నీ వెదర్ అని ఒక ఆప్షన్ ఉంటుంది.

బైరాగిపట్టెడ:
ఫోన్ చాలు బాసూ. ఆ 65 వేలు పాప పేరు మీద వెయ్.

స్టూడియో మామ (చిత్తూరు):
ఆ సన్నీ వెదర్ ఏమిటో మే నెల రెండు గంటలకి గోవిందరాజస్వామి గుడి దగ్గర నిలబడి నాకు చూపించు. సెకండ్ హ్యాండ్ అంటావా, నేనూ ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర లెన్స్ కొన్నాను. డబ్బా, బిల్లు అన్నీ ఉన్నాయి, పైకి కొత్తదే. ఇంటికొచ్చి వెనక నుంచి టార్చ్ వేసి చూస్తే లోపల అద్దం అంచున సాలెగూడులా ఫంగస్. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇతను కొత్తగా నేర్చుకునేవాడు, వారంటీ ఉన్నది కొనుక్కోనీ.

సిగ్మా శిష్యుడు:
టార్చ్ వేసేది డబ్బులు ఇవ్వకముందు మామా. ఎఫ్16 పెట్టి తెల్లగోడని ఒక ఫోటో తీస్తే సెన్సర్ మీద మరకలూ తెలిసిపోతాయి. అయినా నేను సెకండ్ హ్యాండ్ అన్నది బాడీ, లెన్స్ కొత్తదే కొనమన్నాను. మీరు చదవకుండానే రిప్లై పెడుతున్నారు.

పులికాట్ బాతు:
ఈ లెన్సులు దేనితోనూ నేలపట్టులో పక్షులు దొరకవు, గూడబాతు చుక్కంత కనిపిస్తుంది. అది మాత్రం ముందే అనుకోండి.

కొర్లగుంట కుర్రోడు:
పక్షులు వద్దు సామీ, పాపే ఒక చోట నిలబడదు. ఆర్50కి తర్వాత 50 ఎఫ్1.8 కొనుక్కుంటే సరిపోతుందా? అది చవకే కదా.

సిగ్మా శిష్యుడు:
దాని సెన్సర్ చిన్నది, 1.6 క్రాప్, అంటే ఆ 50 నీకు 80 లెక్క, అంత దగ్గరకి లాగి చూపిస్తుంది. పది అడుగుల గదిలో పాప మొత్తం ఫ్రేములోకి రావాలంటే నువ్వు వంటింట్లోకి వెళ్ళి నిలబడాలి. గదిలో వాడుకోవడానికి 30 దగ్గరిదే కావాలి. కెనాన్‌ది ఈ చిన్న సెన్సర్ ఉన్న ఆర్ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) బాడీలకి సిగ్మా ఆటోఫోకస్ లెన్సులు రావడం మొదలైందే 2024లో. సోనీ ఈ మౌంట్ 2010 నుంచి ఉంది, సెకండ్ హ్యాండ్‌లో లెన్సులు బోలెడు. మామకి ఇవన్నీ తెలుసు, చెప్పరు.

స్టూడియో మామ (చిత్తూరు):
ఎందుకు చెప్పనట?

సిగ్మా శిష్యుడు:
మంచి లెన్స్ చేతిలో ఉంటే రేపు అన్నప్రాసనకీ పుట్టినరోజుకీ ఇంట్లోవాళ్ళే తీసుకుంటారు, మిమ్మల్ని పిలవరు. అందుకే కిట్ లెన్సుతో సరిపెట్టుకోమంటున్నారు. మా చెల్లెలి ఓణీల ఫంక్షన్‌కి ఒక స్టూడియోవాళ్ళని పెట్టుకున్నాం. ఫంక్షన్ అయ్యాక ఆల్బమ్ కోసం మా నాన్న తిరగని రోజు లేదు. వచ్చేసరికి చెల్లెలికి పెళ్ళి చూపులు మొదలయ్యాయి. ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వమంటే దానికి వేరే రేటు! ఆ రోజే అనుకున్నా, మా ఇంట్లో ఇక ఎవడి కాళ్ళూ పట్టుకునేది లేదని.

స్టూడియో మామ (చిత్తూరు):
అదీ సంగతి. ఆ కోపం నా మీద ఎందుకు? మీ నాన్నని అడుగు, బ్యాలెన్స్ ఎప్పుడు కట్టాడో. ప్రింటింగ్‌కి ప్రెస్‌వాడు నాకు అప్పివ్వడు. సరే, మనసులో మాట చెప్తాను విను. అవును, బేరాలు తగ్గాయి. చిన్న ఫంక్షన్లు ఎప్పుడో పోయాయి. కానీ నా బాధ అది కాదు. కెమెరా కొన్న ప్రతి తండ్రీ ఆరు నెలలు వేలకొద్దీ నొక్కుతాడు, ఒక్కటీ ప్రింట్ వేయించడు. హార్డ్ డిస్క్ పోయిందని ఏడుస్తూ నా దగ్గరికే వస్తారు, ఏమైనా తీయగలవా అని. మీ చెల్లెలి ఆల్బమ్ లేటయినా ఇప్పుడు మీ ఇంట్లో ఉందా లేదా? నువ్వు తీసిన సిగ్మా ఫోటోలు ఎక్కడున్నాయి?

సిగ్మా శిష్యుడు:
క్లౌడ్‌లో ఉన్నాయి.

స్టూడియో మామ (చిత్తూరు):
మీ అమ్మకి అందులోకి వెళ్ళడం తెలుసా?

సిగ్మా శిష్యుడు:
ఆమెకి వాట్సాప్‌లో పంపుతా. ఆల్బమ్‌లో స్టేజీ మీద వరుసగా నిలబడ్డ చుట్టాలు తప్ప ఏముంది మామా? చెల్లెలు పెరట్లో జడ విప్పుకుంటూ నవ్వింది ఉందా? అది తీసేవాడు ఇంట్లో ఉండాలి. మీరు పన్నెండింటికి వచ్చి నాలుగింటికి వెళ్ళిపోతారు.

బైరాగిపట్టెడ:
ఇప్పుడు కెమెరా గురించి మాట్లాడుతున్నారా లేదా

స్టూడియో మామ (చిత్తూరు):
జడ విప్పుకునే ఫోటో బాగుంటుంది, కాదనను. అది కూడా ప్రింట్ వేయించమంటున్నా, అంతే.

కొర్లగుంట కుర్రోడు:
ఇద్దరికీ దండం. ఇది చదివి మా ఆవిడ ఒకటే అడిగింది: నువ్వు తీస్తూ కూర్చుంటే పాపతో నువ్వున్న ఫోటో ఎవరు తీస్తారు, నాకు అందులో ఒక్క బటనూ తెలియదు అని. అందుకని శనివారం ఆమెనే షాపుకి తీసుకెళ్ళి రెండూ చేతికిస్తాను. మాకు రాత్రి ఫోటోలే ముఖ్యం కాబట్టి నేనైతే సోనీ, 30 లెన్స్ వైపే ఉన్నాను. బాడీ సెకండ్ హ్యాండే, టార్చ్ పట్టుకునే వెళ్తా. జాతరలో మొహానికి తువ్వాలు కప్పుకుని స్క్రీన్ చూస్తాలే మామా.

స్టూడియో మామ (చిత్తూరు):
ఇంకో బ్యాటరీ కూడా బేరం చెయ్యి. సోనీవాళ్ళ ఆ పాత రకం చిన్న బ్యాటరీ సాయంత్రం దాకా రాదు. ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపేసి పెట్టు, లేకపోతే ఎల్ఈడీ లైట్ల కింద ఫోటోకి అడ్డంగా గీతలొస్తాయి. వ్యూఫైండర్ విషయంలో మాత్రం నా మాట మారదు.

సిగ్మా శిష్యుడు:
మారొద్దు మామా. అన్నా, బాడీ చూసేటప్పుడు వీడియో కాల్ చెయ్, నేనూ చూస్తా.