టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ రెండూ ఎక్కువొచ్చాయి, మరి ఇది పీసీఓఎస్ అంటారా?
అక్కలూ కొంచెం చెప్పండి. మా చెల్లికి 24, మాదాపూర్‌లో నైట్ షిఫ్ట్ జాబ్, పీరియడ్స్ టైమ్‌కి రావట్లేదు, దువ్వెన పెడితే చాలు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేస్తోంది. స్కానింగ్‌లో ఓవరీల్లో నీటిబుడగలు ఉన్నాయని పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో పీరియడ్స్ గాడి తప్పే సమస్య) అనేశారు, కానీ బ్లడ్ రిపోర్ట్ చూస్తే టీఎస్‌హెచ్ 12 (ఇది ఎక్కువుంటే థైరాయిడ్ సరిగా పనిచేయట్లేదని అంట), ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్) కూడా కొంచెం ఎక్కువే ఉంది. థైరాయిడ్ హార్మోన్ బాగా తగ్గితే ప్రొలాక్టిన్ కూడా పెరుగుతుందంట, అసలు పీసీఓఎస్ అని చెప్పాలంటే ముందు ఈ రెండూ కారణం కాదని తేల్చుకోవాలంట, మరి అంత తొందరగా ఎట్ల చెప్పేశారో. మా అమ్మ అయితే పెళ్లి చేస్తే అన్నీ సెట్ అయితయ్ అంటది (ఆమె దగ్గర అన్నిటికీ అదే మందు). థైరాయిడ్ మాత్ర పొద్దున్నే పరగడుపున మొదలుపెట్టింది, 6 వారాలకి మళ్లీ టెస్ట్. ఈలోపు దిల్‌సుఖ్‌నగర్ సైడ్ ఎండోక్రైనాలజిస్ట్‌కి (హార్మోన్ల డాక్టర్‌కి) చూపించాలా, గైనిక్ డాక్టరే చాలా? థైరాయిడ్ కంట్రోల్ అయ్యాక పీరియడ్స్ వాటంతటవే సెట్ అయినవాళ్లు ఎవరైనా ఉన్నారా?