చిప్-8 ఎమ్యులేటర్‌ల బాల్ బ్యాట్‌ను దాటి పోతుంది, తప్పెక్కడ?

హన్మకొండ పోరడు:
అన్నలూ జెర చెప్పున్రి. సెలవులల్ల సీ భాషల చిప్-8 ఎమ్యులేటర్ (పాత చిన్న గేములను ఇప్పటి కంప్యూటర్‌ల ఆడించే ప్రోగ్రామ్) రాస్తున్న, ఇన్‌స్ట్రక్షన్లు 35 ఏ కదా రెండ్రోజులల్ల అయిపోతదనుకున్న, వారమాయె. లోగో మంచిగనే వస్తుంది గానీ పాంగ్ గేమ్ పెడితే బాల్ బ్యాట్‌కు తాకినా తాకనట్టే పోతది.

కాజీపేట జంక్షన్:
తమ్మీ, బొమ్మ గీసే కాడ చూడు. ముందు వీఎఫ్ రిజిస్టర్‌ల (విలువ దాచుకునే చిన్న గడి) 0 పెట్టాలె, వెలుగుతున్న పిక్సెల్ ఆరిపోతేనే 1 చేయాలె, గేమ్‌కు తాకుడు తెలిసేది గట్లనే. ఎక్స్‌ఓఆర్ (రెండు బిట్లు వేరువేరుగుంటేనే 1 ఇచ్చే లెక్క, పిక్సెల్‌ను మార్చేది గిదే) కొట్టినంక చెక్ చేస్తున్నవా ఏంది? పాత విలువ చూడాలె కదా.

పాత కంప్యూటర్:
ఇంకోటి, షిఫ్ట్ ఇన్‌స్ట్రక్షన్‌తోని (బిట్లను ఒక గడి పక్కకు జరిపేది) జాగ్రత్త. అసలు ఇంటర్‌ప్రెటర్ వీవై రిజిస్టర్ విలువను జరిపి వీఎక్స్ రిజిస్టర్‌ల పెడ్తది, తర్వాతొచ్చిన సూపర్-చిప్ వీఎక్స్ నే జరుపుతది, ఒక్కో గేమ్ ఒక్కో తీరు నమ్ముకోని రాసిన్రు. నాకు మూడు రాత్రులు పోయినయ్ దీనికి. సెట్టింగ్ ఒకటి పెట్టుకో.

హన్మకొండ పోరడు:
దొరికిందన్నా! ఎక్స్‌ఓఆర్ అయినంకనే చూస్తున్న 😅 ఇగ గేమ్‌బాయ్ ఎమ్యులేటర్ మొదలువెడ్త.

కాజీపేట జంక్షన్:
పెట్టు పెట్టు. డీఏఏ ఇన్‌స్ట్రక్షన్ (కూడిక ఫలితాన్ని దశాంశ అంకెలకు సరిచేసేది), హాఫ్ క్యారీ (కింది నాలుగు బిట్ల నుంచి పైకి పోయే క్యారీ) కాడికొచ్చినంక మళ్ల ఈడికే వస్తవ్ 😂