‘లోటా’ని లోటా అనే రాయాలా?

ప్రశ్న: అమెరికన్ డిజైనర్లు ఈమ్స్ దంపతులు మన దేశంలో డిజైన్ గురించి రాసిన 1958 నాటి ఇండియా రిపోర్టులో లోటా గురించిన భాగం తెలుగు చేస్తున్నాను. ‘లోటా’ అనే ఉంచేయనా? చెంబు అంటే జనం నవ్వుతారేమో.

జవాబు: నవ్వితే నవ్వనివ్వండి. పొద్దున్నే పొలం గట్టుకి పట్టుకెళ్లినా చెంబే, మామిడాకులు, కొబ్బరికాయ పెట్టి పూజలో కూర్చోబెడితే కలశమయ్యేదీ చెంబే. మా ఇంట్లో లోటా అంటే మజ్జిగ తాగే స్టీలు గ్లాసు. మీరు లోటా అని రాస్తే నాకు ఆ గ్లాసే కనబడుతుంది.

పైగా చెంబు మంచి పాత మాట. చెందామర, చెంగలువల్లో ఉన్న ‘చెం’, అంటే ఎరుపు, ఇందులోనూ ఉంది. తమిళంలో సెంబు అంటే ఇప్పటికీ రాగి. ఎర్రటి లోహం పేరే మన దగ్గర పాత్రకి స్థిరపడింది. ఆ లెక్కన రాగి చెంబు అంటే రాగి రాగి! స్టీలు చెంబు సంగతి ఇక అడక్కండి.

ప్రశ్న: సరే, చెంబే. ఇంతకీ దాన్ని డిజైన్ చేసిందెవరో రిపోర్టులో ఉందా?

జవాబు: ఏ ఒక్కరూ కాదనేగా వాళ్లు చెప్పింది! ఎన్నో తరాల వాళ్లు కలిసి తేల్చిన ఆకారం అది. అయినా చార్లెస్, రే ఈమ్స్ ఊరుకోలేదు. దాన్ని కొత్తగా చేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా రాశారు. ఎన్ని నీళ్లు పట్టాలి, తలమీదా నడుంమీదా ఎలా నిలవాలి, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు పోతుంది, తోమడానికి చెయ్యి లోపలికి పోతుందా, రాతి నేల మీద పెడితే ఎలా మోగుతుంది, చివరికి పాత సామానుకి వేస్తే ఎంతొస్తుంది అన్నదాకా. 1961లో అహ్మదాబాద్‌లో డిజైన్ సంస్థ పెట్టడానికి ఈ రిపోర్టే ఆధారం.

నాకు నచ్చేది మాత్రం దాని మెడ. పిడి లేకపోయినా వేళ్లు అక్కడ పడతాయి, బొటనవేలు అంచు మీదకి వెళ్తుంది. బావిలోకి దించాలంటే తాడు బిగించేదీ అక్కడే.

భాగాల పేర్లకి తడుముకోకండి. మెడ, పొట్ట, అడుగు మనకున్నవే. అంచుని మా అమ్మ ‘మూతి’ అంటుంది, అదే వాడండి.