బుగ్గన పెట్టే మందులు: మాత్రకి బదులా, కొన్నింటికేనా?

రాత్రిపక్షి: మింగిన మాత్ర పేగుల్లోంచి కాలేయానికి వెళ్తుంది, చాలా మందులు అక్కడే కొంత ఖర్చయిపోతాయి. చెంప లోపలి పొర గుండా వెళ్తే మందు మెడ సిరల్లోంచి నేరుగా గుండెకి చేరుతుంది. మరి అన్ని మందుల్నీ ఇలా ఎందుకు తయారు చేయరు? నాకైతే కంపెనీల బద్ధకమే అనిపిస్తోంది.

ఫార్మసీ బెంచి: బద్ధకం కాదండీ, ఆ పొర అన్నింటినీ రానివ్వదు. చర్మంలా పైన గట్టి కెరటిన్ లేదు గానీ, 40-50 వరసల కణాలున్నాయి. నాలుక కింద ఇంతకంటే పల్చన. కొవ్వులో కరిగే చిన్న అణువులు, అదీ తక్కువ మోతాదులో పనిచేసేవైతేనే కుదురుతుంది. ఫెంటనిల్ అనే ఘాటైన నొప్పి మందు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది కాబట్టి సరిపోయింది. 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ బుగ్గన పెట్టుకుని ఎంతసేపు కూర్చుంటారు? ఇన్సులిన్ అయితే మరీ పెద్ద అణువు, అణుభారం సుమారు 5800. నోట్లో కొట్టే స్ప్రేలు ప్రయత్నించారు, సూది మాత్రం పోలేదు.

రాత్రిపక్షి: పొరని కాస్త వదులు చేసే పదార్థాలు కలపొచ్చుగా?

ఫార్మసీ బెంచి: రోజుకి మూడుసార్లు అదే చోట వదులు చేస్తే పుండు పడదా?

బుజ్జిగాడి నాన్న: మీ లెక్కలు సరే, మా వాడికి ఫిట్స్ వస్తాయి. డాక్టర్ మిడజోలామ్ అనే ఫిట్స్ ఆపే మందు రాసిచ్చి, ఎంత, ఎప్పుడు వేయాలో నేర్పించారు. దవడలు బిగుసుకున్నా పర్లేదు, చెంపకీ చిగుళ్లకీ మధ్య సందులో మెల్లగా వదిలితే చాలు. ఇంతకుముందు మలద్వారం గుండా డయాజిపామ్ ఇచ్చేవాళ్లం. నలుగురిలో ఆ పని ఎంత ఇబ్బందో పడినవాళ్లకే తెలుసు. పిల్లల మీద జరిగిన పరిశోధన ఒకటి 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో డయాజిపామ్ కంటే ఇదే బాగా పనిచేసిందని తేలింది.

సందేహాలరావు: ఎమర్జెన్సీకి నేనూ ఒప్పుకుంటా. కానీ 'కాలేయాన్ని తప్పించుకుంటుంది' అన్నది సగమే నిజం. రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఉమ్మి ఊరుతుంది, దాంతోపాటు మందూ మింగేస్తాం. ఫెంటనిల్ బుగ్గ మాత్రలోనే దాదాపు సగం కడుపులోకి పోతుంది. ఇంకోటి, నొప్పికీ, మత్తుమందుల వ్యసనానికీ ఇచ్చే, నోట్లో కరిగే బ్యూప్రెనార్ఫిన్ వల్ల పళ్లు పాడవుతున్నాయని 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

రాత్రిపక్షి: చెంప వైపు మాత్రమే మందు వదిలే ఫిల్ములు ఉన్నాయి కదండీ, అవతలి వైపు మూసేసి?

సందేహాలరావు: ఉన్నాయి. అది కరిగేదాకా తినకూడదు, తాగకూడదు. తట్టుకోలేని నొప్పి ఉన్నవాళ్లు ఆగుతారు. రోజూ వేసుకునే బీపీ మాత్రకి ఎవరాగుతారండీ? గుక్కెడు నీళ్లతో అయిపోయే పని.